గన్ లైసెన్స్‌కి కూడా బార్డర్ ఉంటుంది: సికింద్రాబాద్ టు విజయవాడ, డల్లాస్ టు న్యూజెర్సీ

ఈ ఎపిసోడ్ ఒక బ్యాగ్‌తో మొదలుపెడతాను.

నేను ఇంకా జాబ్‌లో ఉన్నప్పటి మాట. బెంగళూరు వెళ్ళాలి, పొద్దున్నే ఫ్లైట్. రాత్రి చూస్తే నా బ్యాగ్ జిప్ ఊడిపోయి ఉంది. మా బాబాయి దగ్గర ఆలివ్ గ్రీన్ బ్యాగ్ ఒకటి ఉంటే పరిగెత్తుకెళ్ళి తెచ్చుకున్నా. బాబాయి ఆర్మీలో చేసి రిటైరయ్యాడు, అప్పట్లో ఒక బ్యాంకులో గన్‌మ్యాన్. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ వైపు పెరిగినవాళ్ళకి తెలుసు, ఇలాంటి బాబాయిలు మనకి వీధికొకరు ఉంటారు.

అమ్మ పచ్చడి డబ్బా పెడదామని సైడ్ పాకెట్ తీసింది. లోపల ఎర్రగా, లావుగా, కింద ఇత్తడి మూతతో ఏదో ఉంది. "ఇదేం బ్యాటరీరా?" అంది. నేను చూశాను. బ్యాటరీ కాదు. 12 బోర్ కార్ట్రిడ్జ్. లైవ్‌ది.

బాబాయికి ఫోన్ చేస్తే పావుగంటలో లైసెన్స్ పట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. వచ్చినవాడు నన్ను తిట్టలేదు, తనని తనే తిట్టుకున్నాడు. "ఒరేయ్, అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. శంషాబాద్‌లో స్కానర్ చూసి ఉంటే నీకు నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుడే" అన్నాడు.

అప్పుడు నాకొక డౌట్ వచ్చింది. గన్ బాబాయిది, లైసెన్స్ బాబాయిది, కార్ట్రిడ్జ్ బాబాయిది. మరి కేసు నా మీద ఎందుకు? ఈ ఒక్క డౌట్‌కి ఆన్సర్ తెలిస్తే మీరు పంపిన రెండు క్వశ్చన్స్‌కీ ఆన్సర్ దొరుకుతుంది.

మొదటిది మన సికింద్రాబాద్ తమ్ముడు అడిగాడు: "అన్నా, మా నాన్నకి లైసెన్స్ గన్ ఉంది. కారులో పెట్టుకుని విజయవాడ పెళ్ళికి పోవచ్చా?" రెండోది డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న అమ్మాయి: "మా రూమ్మేట్‌కి గన్ ఉంది. అందరం కారులో న్యూజెర్సీ వెళ్తున్నాం. నాకేమైనా ప్రాబ్లమా?"

ముందే చెప్తున్నా, నేను లాయర్‌ని కాదు, బీటెక్. చట్టంలో ఉన్నది అర్థమయ్యేలా చెప్పడం వరకే నా పని. మీ సొంత కేసుకి లాయర్‌నే అడగండి.

చట్టం ఒక్కటే, పర్మిషన్ మాత్రం ముక్కలు ముక్కలు

చాలామంది అనుకునేది ఏంటంటే, తెలంగాణకి ఒక గన్ చట్టం, ఆంధ్రకి ఒకటి, కర్ణాటకకి ఇంకోటి ఉంటుందని. అలా లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో కేంద్రం జాబితా ఉంటుంది కదా, అందులో 5వ అంశమే ఆయుధాలు, మందుగుండు. అంటే చట్టం చేసేది పార్లమెంటు. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016 రూల్స్, 2019లో వచ్చిన సవరణ. కన్యాకుమారికైనా కరీంనగర్‌కైనా ఇవే.

మరి బార్డర్ ప్రాబ్లం ఎక్కడొస్తుంది? లైసెన్స్ దగ్గర. చట్టం కేంద్రానిది, కానీ లైసెన్స్ ఇచ్చేది లోకల్‌గా. కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్ ఇస్తారు, మిగతా జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్. ఆ లైసెన్స్ మీద ఏరియా వాలిడిటీ అని ఒకటి రాసి ఉంటుంది. కొందరికి ఒక్క జిల్లా, కొందరికి రాష్ట్రం మొత్తం, కొందరికి ఇంకొన్ని రాష్ట్రాలు, చాలా కొద్దిమందికి ఇండియా మొత్తం.

కోడింగ్ చేసే వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. లోకల్ వేరియబుల్, గ్లోబల్ వేరియబుల్. ఫంక్షన్ లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్‌ని బయట పిలిస్తే ఎర్రర్ కొడుతుంది కదా? అలాగే జిల్లా లైసెన్స్‌ని పక్క రాష్ట్రంలో చూపిస్తే ఆ కాగితం అక్కడ పనిచేయదు. తేడా ఒక్కటే. అక్కడ స్క్రీన్ మీద ఎర్రర్, ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్.

ఇప్పుడు తమ్ముడి క్వశ్చన్‌కి వద్దాం. 2014 జూన్ 2కి ముందు సికింద్రాబాద్ నుంచి విజయవాడ దాకా ఒకటే రాష్ట్రం. ఇవాళ కోదాడ దాటాక జగ్గయ్యపేట వైపు వెళ్తే గరికపాడు దగ్గర చెక్‌పోస్టు వస్తుంది, అక్కణ్ణుంచి ఆంధ్రప్రదేశ్. ట్రైన్‌లో అయితే అది కూడా తెలియదు. ఖమ్మం, మధిర దాటి, బెర్త్ మీద నిద్రలోనే బార్డర్ క్రాస్ చేసేస్తాం. కానీ లైసెన్స్‌కి మాత్రం తెలుస్తుంది.

కాబట్టి మీ నాన్నగారి లైసెన్స్ తీసి ఏరియా వాలిడిటీ దగ్గర ఏముందో చదవండి. అందులో ఆంధ్రప్రదేశ్ లేకపోతే, గన్ ఇంట్లోనే. నిజంగా తీసుకెళ్ళాల్సిన అవసరం ఉంటే, బయల్దేరే ముందే లైసెన్స్ ఇచ్చిన ఆఫీసుకి వెళ్ళి, ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎందుకు అని చెప్పి పర్మిషన్ రాయించుకోవాలి. వెళ్ళొచ్చాక చూసుకుందాం అంటే కుదరదు. లైసెన్స్ షరతు తప్పితే శిక్ష ఉంది. దానికి తోడు లైసెన్స్‌ని సస్పెండ్ చేసే, రద్దు చేసే పవర్ కూడా ఆ ఆఫీసుకి ఉంది.

ఇంకో మాట తమ్ముడూ. నువ్వు పెళ్ళికి అంటున్నావు. బారాత్‌లో గాల్లోకి పేల్చే ఐడియా ఏమైనా ఉంటే ఇక్కడే డిలీట్ కొట్టేయ్. 2019 సవరణలో దానికోసం సెపరేట్‌గా రాశారు. సంబరాల్లో ఇతరుల ప్రాణాలకి ముప్పు వచ్చేలా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. లైసెన్స్ ఉన్నా సరే.

గన్ ఎవరిది అని కాదు, ఎవరి దగ్గర ఉంది

ఇప్పుడు నా బ్యాగ్ డౌట్. చట్టంలో మెయిన్ పదం పొసెషన్. అంటే మీ దగ్గర ఉండటం. ఓనర్ ఎవరు అనేది తర్వాత మాట. లైసెన్స్ ఒక మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద ఉండదు. రేషన్ కార్డులాగా ఫ్యామిలీ మొత్తానికి పనికొచ్చేది కాదు.

నాన్నకి లైసెన్స్ ఉంటే కొడుకు గన్ మోయొచ్చా? చట్టంలో చిన్న వెసులుబాటు ఉంది. లైసెన్స్ ఉన్న మనిషి పక్కనే ఉన్నప్పుడు, లేదా ఆయన రాసిచ్చిన కాగితం చేతిలో ఉన్నప్పుడు, రిపేర్‌కి గానీ, లైసెన్స్ రెన్యువల్‌కి గానీ, ఆయన వాడుకోవడానికి గానీ వేరేవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. అంతే. ఫ్రెండ్స్‌కి చూపించడానికి, రీల్ తీసుకోవడానికి అని అందులో లేదు. రీల్ తీసి పోస్ట్ చేశారంటే, ఎవిడెన్స్ మీరే ఎడిట్ చేసి, మ్యూజిక్ పెట్టి, పోలీసులకి పంపినట్టు.

కార్ట్రిడ్జ్ కూడా అంతే. చట్టంలో గన్‌తో పాటు మందుగుండు అనే మాట కూడా ఉంది. గన్ లేకపోయినా, ఒక్క లైవ్ బుల్లెట్ చాలు. లైసెన్స్ లేకుండా ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు, ప్లస్ ఫైన్.

"నాకు తెలీదు సార్, మా బాబాయి బ్యాగ్" అంటే వినరా? కోర్టు వింటుంది. 1972లో గుణవంత్‌లాల్ కేసులోనూ, 1994లో సంజయ్ దత్ కేసులోనూ సుప్రీంకోర్టు దీని గురించి మాట్లాడింది. పొసెషన్ అంటే వస్తువు దగ్గర ఉండటం ఒక్కటే సరిపోదు, అది ఉందన్న ఎరుక కూడా ఉండాలి అని. ఎయిర్‌పోర్టులో బ్యాగ్‌లో ఒక్క బుల్లెట్ దొరికి బుక్ అయినవాళ్ళు చాలామంది ఈ పాయింట్ మీదే హైకోర్టులకి వెళ్ళి కేసు కొట్టేయించుకున్నారు. కానీ ఆర్డర్ గమనించండి. ముందు ఎఫ్ఐఆర్, తర్వాత లాయర్, ఆ తర్వాత హైకోర్టు. ఫ్లైట్ ఎలాగూ పోతుంది. ఆఫీస్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఏం చెప్తారు? పాస్‌పోర్ట్ రెన్యువల్ ఫామ్‌లో క్రిమినల్ కేసులున్నాయా అనే గడి దగ్గర ఏం రాస్తారు? నిర్దోషి అని తేలడానికి పట్టే టైమే ఒక శిక్ష. బాబాయి చెప్పిన నాలుగేళ్ళ మాట అదే.

అందుకే ఎవరి బ్యాగ్ తెచ్చుకున్నా, ముఖ్యంగా ఆర్మీ, పోలీస్, సెక్యూరిటీ పనిలో ఉన్న బంధువులది అయితే, ప్రతి పాకెట్ లోపలికి చెయ్యి పెట్టి చూడండి. రెండు నిమిషాల పని. మరి ఏదైనా దొరికితే? చెత్తబుట్టలో వేయొద్దు, పక్కవాళ్ళకి ఇవ్వొద్దు. లైసెన్స్ ఉన్న మనిషిని పిలిచి ఆయనకే అప్పజెప్పండి. ఎవరిదో తెలియకపోతే, మీరే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి, దొరికింది అని చెప్పండి. స్కానర్ కనిపెట్టడానికీ, మనమే చెప్పడానికీ చాలా తేడా ఉంది.

లైసెన్స్ ఉన్నవాళ్ళు ఫ్లైట్‌లో గన్ తీసుకెళ్ళొచ్చా అంటే, చేతి బ్యాగ్‌లో అస్సలు కుదరదు. ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పి, కౌంటర్‌లో డిక్లేర్ చేసి, గన్ ఖాళీ చేసి, చెక్-ఇన్ లగేజీలో పంపాలి. దిగే ఊరు కూడా లైసెన్స్ ఏరియాలో ఉండాలి. ఎయిర్‌లైన్ ఒప్పుకుంది కదా అని ఏరియా వాలిడిటీ పెరగదు.

మన ఇళ్ళల్లో ఇంకో కేసు కూడా ఉంటుంది. తాతయ్య పోయారు, ఆయన పాత డబుల్ బ్యారెల్ బీరువా మీద గుడ్డ చుట్టి ఉంది. ఫ్యామిలీ ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రం షిఫ్ట్ అవుతోంది, సామాన్లతో పాటు లారీలో వేసేస్తారు. ఇది డేంజర్. లైసెన్స్ ఉన్న మనిషి పోయాక ఆ గన్ ఇంట్లో ఎవరి దగ్గరా లీగల్‌గా లేనట్టే. చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. వారసులు కావాలనుకుంటే సొంతంగా లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు. కనీస వయసు 21. ఒక మనిషికి గరిష్ఠంగా రెండు గన్‌లు, అంతకుముందు మూడు ఉండేవి, 2019లో తగ్గించారు. లైసెన్స్ ఉన్న మనిషే ఊరు మారితే, కొత్త ఊరి అథారిటీకి ఆ విషయం తెలియజేయాలి.

ఇప్పుడు డల్లాస్ కారు ఎక్కుదాం

అక్కడ సీన్ రివర్స్. ఇండియాలో చట్టం ఒకటి, లైసెన్స్‌లు ముక్కలు. అమెరికాలో ఫెడరల్ చట్టం ఒకటి ఉంది, దాని మీద యాభై రాష్ట్రాలు యాభై రకాల చట్టాలు పెట్టుకున్నాయి.

డల్లాస్ నుంచి న్యూజెర్సీకి రోడ్డు మీద వెళ్ళే ఒక రూట్ చెప్తాను. టెక్సస్, ఆర్కాన్సా, టెన్నెసీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీల్యాండ్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ. ఎనిమిది రాష్ట్రాలు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు దాటి, చట్టపరంగా అడ్డంకి లేనివాళ్ళు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చు. న్యూజెర్సీలో పర్మిట్ కావాలి, అది కూడా న్యూజెర్సీ ఇచ్చిందే అయ్యుండాలి. వేరే రాష్ట్రం పర్మిట్ అక్కడ చెల్లదు.

2013లో జరిగింది వినండి. ఫిలడెల్ఫియాలో ఉండే ఒకావిడ, చిన్నపిల్లల తల్లి. పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది. డెలావేర్ నది దాటితే న్యూజెర్సీ. అక్కడ ట్రాఫిక్ పోలీస్ ఆపితే, ఆవిడే నిజాయితీగా "నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పర్మిట్" అని చెప్పింది. అరెస్ట్ చేశారు. ఏళ్ళ తరబడి జైలు పడే కేసు పెట్టారు. దేశమంతా గొడవ అయ్యాక కేసు మెత్తబడింది, 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారు. నది ఇవతల లీగల్, అవతల క్రైమ్. మనిషి అదే, గన్ అదే.

మరి దారిలో వెళ్ళేవాళ్ళకి రక్షణ లేదా? ఉంది. 1986లో ఫెడరల్ చట్టం ఒకటి తెచ్చారు. బయల్దేరే చోట, చేరే చోట రెండింటిలోనూ గన్ ఉంచుకోవడం, క్యారీ చేయడం లీగల్ అయితే, మధ్యలో రాష్ట్రాలు దాటొచ్చు. కానీ గన్ లోడ్ చేసి ఉండకూడదు. గన్, బుల్లెట్లు సీట్లో కూర్చున్నవాళ్ళ చేతికి అందకూడదు. డిక్కీలో పెట్టాలి. డిక్కీ సెపరేట్‌గా లేని కారైతే తాళం వేసిన పెట్టెలో. గ్లవ్ బాక్స్ పనికిరాదు.

అది కూడా ప్రయాణం సాగుతున్నంత సేపే. 2005లో యూటా నుంచి ఒకాయన గన్ సరిగ్గా డిక్లేర్ చేసి ఫ్లైట్ ఎక్కాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో కనెక్షన్ మిస్ అయింది. బ్యాగ్ తీసుకుని రాత్రి హోటల్‌లో పడుకున్నాడు. పొద్దున మళ్ళీ డిక్లేర్ చేయబోతే అరెస్ట్. తర్వాత కేసు వదిలేశారు కానీ, ఆయన తిరిగి నష్టపరిహారం అడిగితే 2010లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. హోటల్‌లో ఉన్నంతసేపు గన్ మీ చేతికి అందేలా ఉంది కదా అంది. కనెక్షన్ మిస్ అవ్వడం ఆయన తప్పు కాదు. అయినా సరే.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా వినండి

ఇప్పటిదాకా చెప్పింది అక్కడి సిటిజన్స్, గ్రీన్ కార్డ్ వాళ్ళ గురించి. మన స్టూడెంట్స్ లెక్క వేరు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 ఇవన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలు. 1998 నుంచి ఫెడరల్ చట్టం ఏమంటుందంటే, నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర గన్ గానీ, బుల్లెట్ గానీ ఉండకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అందులో మనవాళ్ళు ఎక్కువగా వినేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్. అది ఉన్నా, ఆ రాష్ట్రం రూల్స్ సెపరేట్‌గా ఉంటాయి. తప్పితే 15 ఏళ్ళ దాకా జైలు. 2022కి ముందు పదేళ్ళు ఉండేది, పెంచారు.

"టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదంట కదా" అని మన గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లో సగమే ఉంది. రాష్ట్రం అడ్డు చెప్పకపోయినా ఫెడరల్ చట్టం అడ్డు చెప్తుంది.

వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి గన్ అద్దెకి తీసుకుని పది రౌండ్లు పేల్చి ఫొటో పెట్టేవాళ్ళు ఉన్నారు. రెహైఫ్ కేసు గురించి చదవండి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టూడెంట్ స్టేటస్ పోయింది. అతను అక్కడే ఉండిపోయాడు, ఒకరోజు రేంజ్‌కి వెళ్ళి గన్ పేల్చాడు. 18 నెలలు శిక్ష. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ ఏంటో అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి అని చెప్పింది. ఇక్కడ కూడా చూడండి, మన సుప్రీంకోర్టు చెప్పిన ఎరుక లాంటి పాయింటే. కానీ ఆ మాట వినడానికి అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు ఈ వీడియో చూసిన మీకైతే స్టేటస్ రూల్ తెలీదు అనే మాట కూడా మిగల్లేదు, సారీ.

డల్లాస్ చెల్లీ, నీ ఆన్సర్ ఇది. గన్ రూమ్మేట్‌ది కావచ్చు. కానీ ఆ కారు నీ పేరు మీద ఉండి, గన్ నీ గ్లవ్ బాక్స్‌లో ఉంటే, అది నీ పొసెషన్ అని వాదించడానికి ప్రాసిక్యూటర్‌కి పెద్ద కష్టం ఉండదు. కాబట్టి గన్ ఇంట్లో లాక్ చేసి రమ్మని చెప్పు. ఒప్పుకోకపోతే వేరే కారులో వెళ్ళు. ఫ్రెండ్ ఫీలవుతుంది, రెండ్రోజులు మాట్లాడదు, తర్వాత మామూలైపోతుంది. గన్ కేసులో శిక్ష పడితే మాత్రం గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించేసే సెక్షన్ ఉంది. అక్కడ మామూలవ్వడం అంటూ ఉండదు. ఇంట్లోవాళ్ళు ఎడ్యుకేషన్ లోన్ కట్టుకుంటూ కూర్చుంటారు.

మరి ఇక్కడైనా అక్కడైనా బయల్దేరే ముందు మూడు క్వశ్చన్స్ వేసుకోండి. ఒకటి, ఈ చట్టం దృష్టిలో నేను ఎవరిని, లైసెన్స్ లేదా స్టేటస్ నా పేరు మీద ఉందా? రెండు, ఆ కాగితం ఎక్కడి దాకా చెల్లుతుంది? మూడు, వస్తువు ఎలా పెట్టారు, ఎవరి చేతికి అందుతోంది? మూడింట్లో ఒక్కదానికి ఆన్సర్ తెలియకపోయినా ప్రయాణం ఆపండి, లేదా గన్‌ని ఆపండి.

బాబాయి ఆ రోజు కార్ట్రిడ్జ్ జేబులో వేసుకున్నాక, బ్యాగ్ మొత్తం తలకిందులుగా పట్టుకుని దులిపాడు. ఒక పాత బస్ టికెట్, రెండు సేఫ్టీ పిన్నులు పడ్డాయి. తర్వాత నా చేతికిచ్చి "ఇప్పుడు పో" అన్నాడు. మీరు కూడా దులిపి బయల్దేరండి.

మీ ఇంట్లో ఎవరికైనా లైసెన్స్ ఉంటే ఇవాళే ఆ బుక్‌లెట్ తీసి ఏరియా వాలిడిటీ ఎంతవరకు ఉందో చూసి కామెంట్‌లో చెప్పండి. పేర్లు, నంబర్లు మాత్రం పెట్టొద్దు. అమెరికాలో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా గుర్తొస్తే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.